ఎదురుగా ఉన్న ఫైలు లేదన్నప్పుడు

మొన్న మంచు మరీ ఎక్కువగా పడి, డెట్రాయిట్ పక్కన మా నోవైలో బడులూ ఆఫీసులూ మూసేసిన రోజున, సెలవుకని వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన మా అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటుంటే, టీ కప్పు దాని పక్కన పెట్టబోయి, తెర మీద కనిపించిన ఎర్ర అక్షరాల వరుస చూసి అక్కడే ఆగిపోయాను. ఫలానా లైబ్రరీ తెరవలేకపోతున్నాను, అటువంటి ఫైలు గాని ఫోల్డరు గాని లేదు, అని ఆ వాక్యం సారాంశం. దానికి నాలుగు వేళ్ళ కింద, అదే తెర మీద, ఆ ఫైలు పేరు జాబితాలో నిక్షేపంగా కనబడుతూనే ఉంది. నేను ఆ వాక్యంతో చివరిసారి తగువు పడి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పట్లో మాది జావా, ఇప్పుడు దానిది పైతాన్, అయినా లైనక్స్ మాత్రం అదే మొండి మొహం పెట్టుకుని అదే అబద్ధం చెబుతోంది.

"ఫైలు అక్కడే ఉంది కదే, లేదంటుందేమిటి? ఎక్కడెక్కడ వెతుకుతోందో ఒకసారి చూడు," అన్నాను.

"ఇట్స్ ఓకే అమ్మా, ఈ కంటెయినర్ డిలీట్ చేసి మళ్ళీ బిల్డ్ చేస్తా. టూ మినిట్స్," అంది తల ఎత్తకుండానే.

"ఎందుకు దొరకలేదో తెలుసుకోవా మరి?"

"వై?" అని ఆశ్చర్యంగా నా మొహం చూసింది. అది వెటకారం కాదు, నిజంగానే దానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నేను వంటింట్లోకి వచ్చేసి, అక్కర్లేకపోయినా స్టవ్ తుడవడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, హాల్లోంచి "అయిపోయింది అమ్మా" అని వినబడింది. చిరాకు నా మీదో దాని మీదో తేల్చుకోలేక, తుడిచిన స్టవ్‌నే మళ్ళీ తుడిచాను.

మన తరం వాళ్ళు, ముఖ్యంగా రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఇక్కడికొచ్చి ఈ పనులు చేసినవాళ్ళు, నేను చెప్పేది వినగానే పళ్ళు కొరుకుతారని నాకు తెలుసు. మిగతావాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. షేర్డ్ లైబ్రరీ అంటే పది ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే సామాను. మేం మొదట కాపురమున్న అపార్ట్‌మెంట్లలో ఆరు తెలుగు కుటుంబాలకి కలిపి ఒకటే వెట్ గ్రైండర్ ఉండేది, ఎవరికి ఇడ్లీ పిండి కావలిస్తే వాళ్ళు అది ఏ ఇంట్లో ఉందో కనుక్కుని తెచ్చుకునేవాళ్ళు. ప్రోగ్రాము కూడా అంతే, తనకి కావలసిన లైబ్రరీ కోసం కొన్ని ఫోల్డర్లు వరుసగా వెతుకుతుంది. ఆ ఫోల్డర్ల జాబితా మనం రాసిపెట్టాలి. జాబితాలో లేని చోట కళ్ళెదుట పెట్టినా సరే, లేదనే అంటుంది. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది, జాబితాలో మొదట తగిలినదాన్నే తీసుకుని ఇక వెతకడం మానేస్తుంది. ఈ రెండో సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. తెలిసి ఉండడానికీ, సమయానికి గుర్తు రావడానికీ మధ్య ఎంత దూరముంటుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను కార్ల బ్రేకులు పరీక్షించే ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఓ పెద్ద షెడ్డులో టెస్ట్ బెంచ్ ఉండేది. బ్రేకుని దాని మీద బిగించి, వందలసార్లు నొక్కి వదిలి, ఎంత ఒత్తిడి పడుతోందో ఒక లైనక్స్ మెషీన్‌లోకి ఎక్కించేవాళ్ళు. ఆ లెక్కలన్నీ చూపించే జావా ప్రోగ్రాము నాది. బెంచ్‌తో నేరుగా మాట్లాడే లైబ్రరీ మాత్రం సి భాషలో రాసినది, అది నాకు వరసకి చెల్లెలనిపించేంత దగ్గరైన సహోద్యోగిది. ఆవిడది కరీంనగర్ వైపు, నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, ఒక కన్సల్టింగ్ కంపెనీ తరఫున కాంట్రాక్ట్ మీద మా దగ్గర పనిచేసేది. హెచ్-వన్, అంటే ఉద్యోగం ఉన్నంతకాలమే నిలిచే వీసా, ఆవిడదే, ఆవిడ భర్తది డిపెండెంట్ వీసా కాబట్టి ఆయనకి ఉద్యోగం చేసే వీల్లేదు. వాళ్ళున్న చోటు మా దారిలోనే కావడంతో రోజూ పొద్దున్న నా కార్లోనే ఎక్కేది. గాజు సీసాలో మిరియాల చారు పోసుకొచ్చి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మూతలో పోసి నాకు అందించేది. డెట్రాయిట్ చుట్టుపక్కల జనవరిలో డ్రైవ్ చేసినవాళ్ళకి ఆ చారు విలువ వేరే చెప్పక్కర్లేదు.

అసలు గొడవ మొదలైంది ఒక శరత్కాలంలో. నా ప్రోగ్రాము చేత్తో నడిపితే నడిచేది, మెషీన్ ఆన్ చెయ్యగానే దానంతటది మొదలవ్వాలంటే మాత్రం, లైబ్రరీ లేదని చెప్పి పడిపోయేది. ఫైలు ఉందా అంటే ఉంది. చదవడానికి అనుమతి ఉందా అంటే ఉంది. పేరులో అక్షరం తేడా ఉందేమోనని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదువుకున్నాను. మూడు రోజులు అలా తలగోక్కున్నాక తేలిందేమంటే, నేను లాగిన్ అయినప్పుడు నా సొంత సెట్టింగుల్లో ఆ ఫోల్డర్ల జాబితా ఉంది, మెషీన్ తనంతట తను లేచినప్పుడు దానికి ఆ జాబితా తెలియదు. ఇంతేనా అని ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, అప్పటికి పని జరిగితే చాలుననుకుని, మెషీన్ లేచేటప్పుడు నడిచే స్క్రిప్ట్‌లో ఒక లైను రాసి, మొట్టమొదట నా సొంత ఫోల్డర్‌లో వెతకమని చెప్పి, లైబ్రరీ కాపీ ఒకటి అక్కడ పడేశాను. సాయంత్రానికి తీసేసి పద్ధతిగా రాద్దామనుకున్నాను. సాయంత్రానికి ఇంకేదో పని వచ్చి పడింది. ఆ తర్వాత ఆ లైను సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను.

జనవరిలో బెంచ్‌కి కొత్త సెన్సర్లు బిగించారు. వాటి లెక్క వేరు కాబట్టి మా కరీంనగర్ చెల్లెలు లైబ్రరీని మార్చి రాసింది. నేను దాన్ని తెచ్చి బెంచ్ మెషీన్‌లో పెట్టవలసిన ఫోల్డర్‌లోనే పెట్టి, మెషీన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. ప్రోగ్రాము ఏ పేచీ లేకుండా లేచింది కాని అంకెలు మాత్రం తప్పు. ఎనభై రావలసిన చోట అరవై వస్తోంది. ఆవిడ మళ్ళీ చూసి, మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ అరవయ్యే. అలా రెండు వారాల్లో ఐదుసార్లు ఆవిడ మార్చి ఇవ్వడం, నేను పెట్టడం, బెంచ్ దగ్గర పనివాళ్ళు బ్రేకు నొక్కి తలలు అడ్డంగా ఊపడం. పరీక్షలన్నీ ఆగిపోయాయి. మేనేజర్ రోజుకి రెండుసార్లు నా సీటు దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా, చేతులు కట్టుకుని నిలబడి వెళ్ళిపోయేవాడు, అడిగినా అంత విసుగొచ్చేది కాదు.

ఒకరోజు కార్లోంచి దిగుతూ ఆవిడ అంది. "అక్కా, నా మెషీన్‌ల మంచిగనే వస్తున్నయి అంకెలు. బెంచ్ మెషీన్‌ల ఏమున్నదో నాకు కనవడుతలేదు. ఒక్కసారి లాగిన్ ఇయ్యరాదు, నేనే చూస్త."

"కాంట్రాక్ట్ వాళ్ళకి ఆ మెషీన్ పాస్‌వర్డ్ ఇవ్వకూడదమ్మా, రూలు ఒప్పుకోదు. అయినా నేను చూశాను కదా, అక్కడంతా బాగానే ఉంది," అన్నాను.

రూలు నిజమే. ఆవిడని నా పక్కన కూర్చోబెట్టుకుని చూపించకూడదని మాత్రం ఏ రూలూ లేదు. అప్పటికే ఆవిడ సరిగ్గా టెస్ట్ చెయ్యకుండా ఇస్తోందని నా మనసులో గట్టిపడిపోయింది. రోజూ ఆవిడ చారు తాగుతూనే అలా అనుకునేదాన్ని.

ఆ వారంలోనే మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి, లోపం ఎక్కడుందని సూటిగా అడిగాడు. నా ప్రోగ్రాములో లేదు, మెషీన్‌లో లేదు, లైబ్రరీలోనే ఉంది అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదని తర్వాత చాలాసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, లైబ్రరీ రాసింది ఒక్కరే అయినప్పుడు పేరు చెప్పకపోవడం ఏం గొప్ప. మూడు రోజుల తర్వాత, నెలాఖరుతో ఆవిడ కాంట్రాక్ట్ ఆపేస్తున్నామని కన్సల్టింగ్ కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. ఆ సాయంత్రం కార్లో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వీసా సంగతేం చేస్తావని అడగడానికి నాకు నోరు రాక, రేడియోలో వాతావరణం వార్తలు పెట్టాను.

ఆవిడ వెళ్ళేలోగా ఏదో ఒకటి తేల్చి, కనీసం పాత సెన్సర్ల మీదైనా పరీక్షలు నడిపిద్దామని, ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బెంచ్ మెషీన్ ముందు కూర్చున్నాను. ఫోల్డర్‌లో ఉన్న కొత్త లైబ్రరీని తీసి పక్కన పెట్టి, పాతదాని కోసం వెతుకుతూ, ఏదో ఆలోచనలో పడి, పాతది పెట్టకుండానే మెషీన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసేశాను. చేశాక నాలుక కరుచుకున్నాను, ఇప్పుడు లైబ్రరీ లేదని అరుస్తుందనుకుని.

అరవలేదు. అసలు లైబ్రరీయే లేని ఫోల్డర్ ముందు కూర్చుని, ప్రోగ్రాము సుఖంగా లేచి, అంకెలు చూపించడం మొదలుపెట్టింది.

ఎన్నో రోజులు ఆ ఎర్ర అక్షరాల వాక్యాన్ని తిట్టుకున్న నేను, అది రావాలని కోరుకున్నది ఆ ఒక్కరోజే. ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ హాయిగా లేచింది. లైబ్రరీ లేకుండా అది నడవడం అసాధ్యం, కాబట్టి ఇంకెక్కడిదో తెచ్చుకుంటోంది. నడుస్తున్న ప్రోగ్రాము ఏయే ఫైళ్ళు తెరిచి పెట్టుకుందో చూపించే జాబితా ఒకటి లైనక్స్‌లో ఎప్పుడూ ఉంటుంది, కావాలంటే మొదటి రోజే చూడవచ్చు, చూడడానికి పది సెకన్లు పడుతుంది. చూశాను. లైబ్రరీ పేరుకి ముందు నా ఫోల్డర్ పేరుంది. ఫోల్డర్ పేరంటే నా లాగిన్ పేరే, అంటే నా పేరే. శరత్కాలంలో పడేసిన పాత కాపీ, మొదట అక్కడే వెతకమని నేను రాసిన లైను. ఆవిడ ఐదుసార్లు మార్చి ఇచ్చిన లైబ్రరీని ఆ మెషీన్ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నా లైను తీసేసి, పెట్టవలసిన ఫోల్డర్ పేరు పద్ధతిగా రాసి, ఆవిడ మొదటిసారి ఇచ్చిన లైబ్రరీనే పెట్టి, బెంచ్ దగ్గరికి అప్పుడే వచ్చిన పనివాడిని బ్రేకు నొక్కమన్నాను. ఎనభై వచ్చింది. అతను చెయ్యి పైకెత్తి బాగుందని సైగ చేశాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు మొదట కలిగినది పశ్చాత్తాపం కాదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, లైను తీసేశాను, ఆవిడ ఐదోసారి ఇచ్చినది పనిచేసిందని చెబితే చాలు, అన్న ఆలోచన వచ్చింది. మాకు అప్పుడు ఆ సంస్థ ద్వారానే గ్రీన్ కార్డు పని మధ్యలో ఉంది. గంటసేపు ఆ చలి షెడ్డులో కోటు కూడా వేసుకోకుండా కూర్చున్నాను. తర్వాత మేనేజర్ గదికి వెళ్ళి, తప్పు నాదని, లైబ్రరీ మొదటి రోజునుంచీ సరిగ్గానే ఉందని చెప్పాను. అతను కోప్పడలేదు. నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ఆవిడని ఉంచండి అన్నాను. పై వాళ్ళు ఆ పోస్టే ఎత్తేశారని, ఇక తన చేతుల్లో లేదని అన్నాడు. అడిగి చూడమని మళ్ళీ అన్నాను. రెండు రోజులకి, అడిగానని, కుదరదన్నారని చెప్పాడు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడకి మాత్రం నా తప్పు తేలిన రోజు సాయంత్రమే కార్లో చెప్పాను. హైవే ఎక్కకముందే చెప్పాలని, పార్కింగ్‌లోనే ఇంజిను ఆన్ చేసి హీటరు పెట్టి చెప్పాను. అంతా విని, హీటరు సెగకి పెట్టిన చేతులు వెనక్కి తీసుకుంది.

"రెండు వారాల సంది అదే చెప్తున్న కదక్కా," అంది.

"చెప్పావు."

"లాగిన్ అడిగిన."

"అడిగావు. తప్పంతా నాదే."

"ఇప్పుడు బెంచ్ నడుస్తున్నదా?" అని అడిగింది. నడుస్తోందన్నాను. "ఎనభై వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. అప్పుడు ఆవిడ మొహంలో ఏదో ఒక్క క్షణం తేటపడింది, పనిచేసేవాళ్ళకి మాత్రమే అర్థమయ్యే తేట అది. తర్వాత నా వైపు తిరిగి, "మేనేజర్‌కి చెప్పిన మాట మెయిల్‌ల రాసి పంపు అక్కా. టీమ్ అందరికి. నేను రేపు ఇంకో దగ్గర అడుక్కోవాలె, ఎందుకు తీసేసిన్రని అడుగుతరు," అంది.

సరేనన్నాను. సరేనన్నంత సులువుగా రాయలేకపోయాను. ఇంట్లో మావారు, నోటితో చెప్పావు కదా, గ్రీన్ కార్డు చేతికి రాకముందు కాగితం మీద పెట్టడం దేనికి అన్నారు. ఆయన చెడ్డవారు కారు, ఆ రోజుల్లో మనందరి ఇళ్ళల్లోనూ భయం అలాగే మాట్లాడేది. మర్నాడంతా ఆఫీసులో ఆ మెయిల్‌తోనే సరిపోయింది. మెషీన్ సెట్టింగుల్లో ఒక సమస్య బయటపడింది, అని రాశాను. చదువుకుంటే ఎవరూ చెయ్యకుండానే ఆ సమస్య ఆకాశంలోంచి ఊడిపడినట్టుంది. కొట్టేశాను. పాత లైను ఒకటి పొరపాటున మిగిలిపోయింది, అని రాశాను. మిగిలిపోవడానికి దానికదే వచ్చిందా? అదీ కొట్టేశాను. ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం రాయడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది. సాయంత్రం బయలుదేరేముందు, ఈ లైను నేను రాశాను, నేను మర్చిపోయాను, ఆవిడ లాగిన్ అడిగితే నేను ఇవ్వలేదు, ఆవిడ పనిలో మొదటినుంచీ ఏ తప్పూ లేదు, అని నాలుగు ముక్కలు రాసి, ఆవిడ పేరు కూడా చేర్చి, అందరికీ పంపేసి, మళ్ళీ చదవకుండా మెషీన్ ఆపేశాను.

ఆవిడ ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అది వచ్చినట్టు రాయగలిగితే నాకూ బాగుండును. ఆ మిగిలిన రోజులన్నీ పొద్దున్నే అదే చోట నిలబడి నా కార్లోనే వచ్చింది, ఇంకో దారి లేదు కాబట్టి. చారు తేలేదు. నేనూ అడగలేదు. నెలాఖరున న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఉన్న తన పినతల్లి కూతురి ఇంటికి సామాను సర్దుకుని భార్యాభర్తలిద్దరూ వెళ్ళిపోయారు. వసంతం వచ్చాక ఫోన్ చేసి, పిస్కాటవేలో ఒక మందుల కంపెనీలో పని దొరికిందని చెప్పింది. ఇంటర్వ్యూలో పాత చోట ఎందుకు ఆపేశారని అడిగితే నా మెయిల్ చూపించిందట. థాంక్స్ అనలేదు, అనవలసిన పనీ లేదు. ఆ తర్వాత ఉగాదికీ దసరాకీ మెసేజీలు, పిల్లల కాలేజీల కబుర్లు, అంతవరకు మిగిలాం. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు కాస్త తలవంపుగానే ఉంటుంది.

నాకు గ్రీన్ కార్డు వచ్చింది. ఆ మెయిల్ వల్ల నాకు జరిగిన నష్టమంటూ ఏమీ లేదు. అంత భయపడింది ఇందుకేనా అని ఇప్పుడు నా మీద నాకే విసుగు.

ఇప్పటి పద్ధతి మంచిదే, కాదనను. ప్రోగ్రాము తనకి కావలసినవన్నీ కంటెయినర్ అనే ఒక పెట్టెలో కట్టుకుని వెంట తెచ్చుకుంటుంది, ఒకరు పడేసిన ఫైలు ఇంకొకరి కొంప ముంచదు. ఆ రోజుల్లోనే ఇలా ఉండి ఉంటే ఒక మనిషి నెల తిరగకుండా కాపురం ఎత్తుకుని మంచులో న్యూజెర్సీ దారి పట్టవలసిన పని ఉండేది కాదు. అంతవరకు ఈ పిల్లలు అదృష్టవంతులు. వీళ్ళ టీముల్లో ఒకరు టెక్సాస్‌లో, ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు ఎక్కడో వీళ్ళకే తెలియదు. ఏదైనా చెడితే కారణం తెలియకముందే పాతది పారేసి కొత్తది కట్టేస్తారు, తప్పు ఎవరిదో తేలేలోపే తప్పు మాయమైపోతుంది. ఎవరూ ఎవరినీ తప్పుగా అనుకోనక్కర్లేదు, ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగనక్కర్లేదు. కాని పక్కన కూర్చున్న మనిషి కళ్ళలోకి చూసి, నువ్వు చెప్పిందే నిజం, తప్పు నాదే అనవలసిన రోజు ఒక్కటైనా రాకుండా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం గడిచిపోతే, దాన్ని అదృష్టమనే అనాలో, ఇంకేమైనా అనాలో, ఇంత వయసు వచ్చినా నాకు తేలడం లేదు.